ఎంటరుకు ముందు ఎనిమిది సెకన్లు

ఏప్రిల్ 3

ఓడిపోయాను. చెయ్యి జారింది.

ఏప్రిల్ 4

చెయ్యి జారిందనే అందరికీ చెప్పాను. సోల్ కోచ్‌గారు ఏమీ అనలేదు. ఏమీ అనదలుచుకోనప్పుడు ఆయన మెడ వెనక చెయ్యి వేసి రుద్దుకుంటారు. పదేళ్లు కంప్యూటర్ తెర ముందు కూర్చుని ఆడి పాడుచేసుకున్న మెడ అది. నిన్న వ్యాన్‌లో టీమంతా కలిసి ఉండే ఇంటికి వచ్చేదాకా రుద్దుకుంటూనే ఉన్నారు.

ముందురోజు నిద్ర సరిగ్గా లేదు. పోటీలో ఆటగాణ్ణి కూర్చోబెట్టే బూత్‌లో చలి. వేడిపొట్లాలు రెండు అరచేతుల్లో పెట్టుకుని కూర్చున్నా వేళ్లు మొద్దుబారిపోయాయి. యుద్ధం ఆట మ్యాపు మూలన ఏముందో చూసుకోలేదు. ఎవరికైనా జరిగేదే.

వ్యాన్‌లో కింబాప్ అన్నం చుట్టలు రెండు తిన్నాను. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

ఏప్రిల్ 6

చూడకూడదనుకుంటూనే నిన్న రికార్డింగు చూశాను.

పంతొమ్మిదో నిమిషం. నడిమైదానంలో పెద్ద పోరు. నా దండు కళ్ల ముందే కరిగిపోయింది. అయిపోయిందనుకుని, ఓటమి ఒప్పుకుంటూ జీజీ, అంటే గుడ్ గేమ్, అని రెండక్షరాలు కొట్టి, ఎంటరు నొక్కి, బయటికి వచ్చేశాను. ఓడినవాడే కొట్టాలి, మర్యాద అది. కొట్టాక వెనక్కి తీసుకోవడం లేదు.

గుట్ట వెనక నా సైనికులు పదకొండు మంది నిలబడి ఉన్నారు. నేను పెట్టినవాళ్లే. నేనే మర్చిపోయాను. అవతలివాడి దగ్గర మిగిలింది నలుగురు. వాడి గనులు రెండూ మండిపోతున్నాయి. అక్కణ్ణించి కళ్లకు గంతలు కట్టుకుని ఆడినా గెలుపు నాదే.

అవతలివాడు సర్వరు పోయిందేమోనని చెయ్యెత్తి రిఫరీని పిలిచాడు. తను గెలిచాడని వాడికి మనిషొచ్చి చెప్పాల్సి వచ్చింది.

చెయ్యి జారింది.

ఏప్రిల్ 7

ఇంటర్నెట్‌లో నాకు నామకరణం జరిగింది. దోగ్యోమ్ అనే నా పేరు ఇప్పుడు ఒంటిపూట దోగ్యోమ్. సగం పూటకే డ్యూటీ దిగిపోతాడట. నా బొమ్మకి టిఫిను డబ్బా తగిలించి బస్టాపులో నిలబెట్టారు. టిఫిను డబ్బా గీసినవాడు మాత్రం పనిమంతుడు, మూత మీద మా టీము గుర్తు కూడా వేశాడు.

తేగ్యూ ఆ బొమ్మ నాకు కనపడకుండా దాచబోయి, దొరికిపోయి, నవ్వాపుకోలేక స్నానాల గదిలోకి పారిపోయాడు. నాకంటే ఆరేళ్లు చిన్న, టీములోకి వచ్చి మూడేళ్లు. ప్రధాన పోటీ పదహారుమందిలో ఇప్పటికే రెండుసార్లు ఆడాడు. నేను ఎనిమిదేళ్లలో ఒక్కసారీ ఆడలేదు. గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను, నాలుగుసార్లు.

ఏప్రిల్ 9

సైన్యం నుంచి కాగితం వచ్చింది. జూలై 15, నాన్సాన్ శిక్షణ శిబిరం. ఇక్కడ ప్రతి మగవాడికీ తప్పని సైనిక సేవ, ఇక వాయిదా లేదు.

రెండేళ్లు తుపాకీ పట్టి వచ్చిన వేళ్లు మళ్లీ మునుపటిలా ఆడినట్టు నేను చూడలేదు. మిగిలింది ఒక్క అర్హత పోటీ, మే 30న. గెలిస్తే జూన్‌లో పదహారుమందిలో ఒకణ్ణి. లేకపోతే ఒంటిపూటగానే వెళ్లిపోతాను.

ఏప్రిల్ 12

భోజనాల దగ్గర వంటపిన్ని అడిగింది, ఆ జీజీ అనేది ఎన్ని మీటలు నొక్కితే వస్తుందని. రెండక్షరాలూ ఒక ఎంటరూ అని తేగ్యూ చెప్పాడు.

‘‘అయితే మూడుసార్లు జారిందా నాయనా, చెయ్యి?’’ అంది పిన్ని, నా గిన్నెలో ఇంకో గరిటె పులుసు పోస్తూ.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 14

కోచ్‌గారు చేతికి పట్టీ కట్టారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో రాసిపెట్టే పట్టీ, పరుగుపందేలవాళ్లు కట్టుకునేది. సాధన ఆటలన్నీ దీంతోనే ఆడాలట. ఎందుకని అడిగితే మెడ రుద్దుకున్నారు.

ఏప్రిల్ 17

పట్టీ దురద.

ఏప్రిల్ 24

ఇవాళ చూసినదాన్ని ఎలా రాయాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే కోచ్‌గారు నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితాలు పరిచారు. పది రోజుల్లో నేను ఓడిన సాధన ఆటలు ముప్పై ఒకటి. ఒక్కో ఆటకీ ఒక్కో గీత. మొదట నిమిషానికి నూటపది. పోరు ముదిరేకొద్దీ నూట నలభై, నూట యాభై. అక్కడ కాసేపు ఊగిసలాడి, ఒక్కసారిగా బావిలోకి వదిలిన బొక్కెనలా కిందికి. ఏ కాగితం తీసినా అదే వరస.

జీజీ కొట్టేశాక దిగిందన్నమాట, ఇందులో వింతేముంది అన్నాను. ఆయన ఎర్ర పెన్ను తీసి, నేను ఎంటరు నొక్కిన క్షణం దగ్గర ప్రతి కాగితం మీదా నిలువుగీత గీశారు. ముప్పై ఒక్క గీతలూ తొందరపడకుండా గీశారు.

ఇరవై ఆరు ఆటల్లో ఎర్రగీత రాకముందే గుండె దిగిపోయింది. ఎనిమిది సెకన్లు ముందు. కొన్నిట్లో పది.

అంటే నేనింకా మీటలు నొక్కుతున్నాను. ఇంకా దారి వెతుకుతున్నాననే అనుకుంటున్నాను. ఆ ఎనిమిది సెకన్లలో కొత్త ఎత్తు వెయ్యబోయిన ఆటలు కూడా నాకు గుర్తున్నాయి.

‘‘నువ్వు ఆడుతున్నావనే అనుకుంటున్నావురా. నీ గుండె అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది’’ అన్నారు.

ఆ ఇరవై ఆరింటినీ ఆయన కూర్చుని మళ్లీ చూశారట. వాటిలో తొమ్మిది ఆటలు నేను ఎంటరు నొక్కేసరికి ఇంకా ఓడిపోలేదట.

ఆ గీతల మీద వేలు పెట్టి తడిమి చూశాను. భయం కంటే ముందు ఒళ్లు గగుర్పొడిచింది. ఎనిమిదేళ్లుగా నాలోనే ఎవడో ఉండి, నాకంటే ముందు నిర్ణయాలు తీసుకుంటున్నాడు. వాడికి గెలుపూ అక్కర్లేదు, ఓటమీ అక్కర్లేదు. ఈ బిగపట్టడం ఆగితే చాలు. ఇంత పని చేసేవాడు నా చొక్కాలో ఉంటే, ఒక్కసారి కూడా వాడి చప్పుడు నాకు వినపడలేదు.

ఏప్రిల్ 25

చెయ్యి జారలేదు.

ఏప్రిల్ 3న ఎంటరు నొక్కగానే చెమట చల్లబడింది. భుజాలు దిగాయి. ఎవరో నెత్తిమీంచి బస్తా దింపినట్టు హాయి. ఆ హాయితోనే కింబాప్ తిన్నాను. ఓడిపోయిన మనిషి తినే తిండి కాదది.

గుట్ట వెనక పదకొండు మంది ఉన్నారని నేను మర్చిపోయానా? రాయడానికి కూర్చుని పావుగంటైంది. తెలియదు అని రాస్తున్నాను. తెలియదు అనే రాస్తాను.

ఏప్రిల్ 28

కోచ్‌గారి శాసనం: ఇవాళ్టి నుంచి నెలపాటు సాధనలో నేను జీజీ కొట్టకూడదు. ఆఖరి కట్టడం కూలి, ఆటే నన్ను బయటికి నెట్టేదాకా కూర్చోవాలి.

ఆయనకేం, చెప్పారు. గెలవని ఆటలో జీజీ కొట్టకుండా కూర్చోవడమంటే చుట్టాలింట్లో భోజనమయ్యాక కూడా విస్తరి ముందు నుంచి లేవకపోవడం. అందులోనూ నేను అందరికంటే పెద్దవాణ్ణి. టీములో ఐదుగురికీ ముందుగానే క్షమాపణ చెప్పి, వేయించిన కోడి తెప్పించి పెట్టాను. కోడి అయ్యేదాకా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఏప్రిల్ 30

నూట అరవై ఎనిమిది. నిన్నటి రెండో ఆట. దండు పోయింది, ఇల్లు పోయింది, మూల ఒక్క కొట్టం మిగిలింది. వేళ్లు జీ మీటకేసి వాటంతట అవే పోతున్నాయి. ఎడమచేత్తో కుర్చీ పట్టుకున్నాను. ఆట ముగిశాక స్నానాల గదిలోకి పోయి కక్కుకున్నాను.

తేగ్యూ తలుపు కొట్టి నీళ్లిచ్చాడు. ఇచ్చి, ‘‘అన్నా, ఊరంతా తగలబడ్డాక మరుగుదొడ్డి కాపలా కాస్తే ఏమొస్తుంది?’’ అన్నాడు. దింపుడు కళ్లం ఆశైనా కాస్త మర్యాదగా ఉంటుందట.

మే 2

మళ్లీ అంతే.

మే 3

మళ్లీ అంతే. కక్కుకోలేదు.

మే 5

సెలవు. కోచ్‌గారు స్నానశాలకి తీసుకెళ్లారు, మెడకి మంచిదని. నలభై మూడు డిగ్రీల తొట్టెలో కాలు పెట్టి వెనక్కి లాక్కున్నాను. లోపల గడ్డం దాకా మునిగి ఉన్న ముసలాయన ఒక కన్ను తెరిచి చూశాడు.

‘‘దిగితే పూర్తిగా దిగు. సగం దిగితేనే కాలుతుంది’’ అని మళ్లీ కన్ను మూసుకుని, ‘‘అబ్బ, ప్రాణం చల్లబడింది’’ అని తనలో తనే అనుకున్నాడు.

దిగాను. చర్మం ఊడిపోతుందేమో అనిపించింది. ఇరవై లెక్కపెట్టేసరికి నీళ్లు అవే నీళ్లు, నేనే వేరే. కోచ్‌గారు ఇందుకే తెచ్చారేమో అని అనుమానం వచ్చింది కానీ, నిజంగా మెడ కోసమే వచ్చినట్టు హాయిగా గురక పెట్టారు.

మే 8

ఇవాళ్టి తేదీ నేను మర్చిపోను.

తేగ్యూతో నాలుగో ఆట. అంతా పోయింది. మ్యాపు వాయవ్యమూల ఒక కొట్టమూ ఒక పనివాడూ మిగిలారు. తేగ్యూ వాటికోసం వెతుకుతున్నాడు. నూట యాభై. నూట అరవై. లోపలివాడు చెప్పులేసుకున్నాడు, ఈసారి నాకు వినపడింది: వెళ్దాం పద, వెళ్దాం పద. పోనీలే, అడుగు అన్నాను. వాడితో పోట్లాడలేదు. నూట డెబ్బై ఒకటి. చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి. చచ్చిపోతానేమో అని మామూలుగానే అనుకున్నాను.

తర్వాత దిగింది.

నేనేమీ చెయ్యలేదు. జీజీ కొట్టలేదు, గెలవలేదు, ఊపిరి కూడా లెక్కపెట్టలేదు. దానంతట అదే నూట యాభై, నూట ముప్పై, నూట ఇరవైకి దిగి, అక్కడ నిలబడింది. ఆట మాత్రం నడుస్తూనే ఉంది. శత్రువు ఇంకా వస్తూనే ఉన్నాడు.

ఆ నిశ్శబ్దంలో చూశాను. ఎనిమిదేళ్లుగా రోజుకి పన్నెండు గంటలు చూసిన తెర అది. పనివాడు నడిస్తే పాదాల దగ్గర గడ్డి వంగుతుందని నాకు తెలియదు. సైనికుల నీడలు పొద్దుని బట్టి పక్కకి పడతాయి. పక్క గదిలో పిన్ని ముల్లంగి తరుగుతున్న చప్పుడు వేరే, తేగ్యూ మీటల చప్పుడు వేరే, రెండూ విడివిడిగా వినపడ్డాయి. తేగ్యూ దండు తూర్పుదారిన వస్తుందని దాని నడకలోనే కనిపించింది. ఇన్నాళ్లూ నేను పారిపోయి వచ్చిన గుమ్మానికి అవతల ఇంత వెలుతురున్న గది ఉందని ఎవరూ ఎందుకు చెప్పలేదు? వెళ్లినవాళ్లు చెప్పరేమో. లేక కోచ్‌గారు మెడ రుద్దుకుంటూ చెప్పింది ఇదేనేమో.

కొట్టం కూలింది. ఓడిపోయాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మేడ మీదికెళ్లి సాయంత్రం దాకా మోక్‌డోంగ్ వీధిలో బస్సులు చూస్తూ కూర్చున్నాను. ఏడుపు లాంటిది వచ్చింది, ఏడుపు కాదు. గొప్పదాన్ని చూసినప్పుడు వచ్చేది.

మే 9

మళ్లీ వచ్చింది. నాలుగు నిమిషాలు పట్టింది.

మే 11

రాలేదు. వస్తుందని ఎదురుచూస్తే రాదు.

మే 14

కొట్టమూ ఒక పనివాడూ. అక్కణ్ణించి తేగ్యూ మీద గెలిచాను. గంటా ఆరు నిమిషాలు.

తేగ్యూ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఇలా చేస్తే రేపణ్ణించి నీతో ఆడను అన్నాడు. వంటింట్లోకి పోయి, కాసేపటికి తిరిగొచ్చి, ఏం చూస్తున్నావన్నా అక్కడ అని గొంతు తగ్గించి అడిగాడు. గడ్డి అన్నాను. వెక్కిరిస్తున్నాననుకున్నాడు.

మే 22

ప్రత్యర్థి ఎవరో తేలింది. ఓక్ హేబిన్, పద్దెనిమిదేళ్లు, నిమిషానికి నాలుగువందల మీటలు. జనం అప్పుడే పందేలు కాస్తున్నారు, ఎవరు గెలుస్తారని కాదు, ఒంటిపూట ఏ నిమిషానికి దిగిపోతాడని.

మే 29

రేపు. జారుడు తిండి తింటే ఆట జారిపోతుందని పిన్ని సముద్రపునాచు పులుసుని వారం ముందునుంచే ఇంట్లోకి రానివ్వడం లేదు. ఈసారి నాచు కొట్టు ఉన్న వీధిని కూడా తప్పించుకుని చుట్టూ తిరిగి వస్తోందట.

సాధన నియమం రేపటికి వర్తించదని కోచ్‌గారు చెప్పారు. నిజంగా అయిపోతే మర్యాదగా కొట్టు, అయిపోయిందో లేదో నువ్వే చూసుకో అన్నారు.

మే 30

మొదటిది ఓడాను. రెండోది గెలిచాను. మూడోది రాస్తాను.

ఇరవై రెండో నిమిషంలో నడిమైదానం పోయింది. ఏప్రిల్ 3 లాంటి పోరే. హాల్లో జనం ‘ఓ’ అనడం బూత్ గోడ దాటి వినపడింది, ఇప్పుడు దిగిపోతాడని. లోపలివాడు లేచాడు. పట్టీ కట్టుకోలేదు కాబట్టి అంకె తెలియదు. కూర్చున్నాను. దిగితే పూర్తిగా దిగాలి. దిగాను.

ఎంతసేపో తెలియదు. హోరు పోయింది.

ఎదుటివాడి దండు కనపడింది. గెలుస్తున్నవాడి దండు కాదది. ముందుకి రెండడుగులు, వెనక్కి ఒకటి, చెప్పిన పనే మళ్లీ మళ్లీ చెబుతున్న చేతులు. అవతలి బూత్‌లో ఒకడు వణికిపోతున్నాడని తెర మీదే తెలిసింది. దక్షిణం గని నేను చడీచప్పుడు లేకుండా మళ్లీ మొదలుపెట్టాను. ముప్పయ్యో నిమిషానికి సమానం. ముప్పై ఎనిమిదికి వాడి రెండు గనులూ ఎండిపోయాయి. వ్యాఖ్యాతలు నా పేరు అరుస్తున్నారని తర్వాత చెప్పారు. ఆట అంత అందంగా ఉంటుందని నేను ఎరగను. అక్కడ నేను ఒక్కణ్ణే ఉన్నట్టు లేదు, ఇద్దరం కలిసి ఏదో కడుతున్నట్టు ఉంది.

నలభై ఒకటో నిమిషం. వంతెన మీద నావాళ్లు ఐదుగురు, వాడివాళ్లు ఆరుగురు. చివరికి వాడివైపు ఒక్కడు మిగిలాడు, ప్రాణం నూలుపోగంత.

చూసుకున్నాను. సైనికుడు లేడు. పనివాడు లేడు. గని ఖాళీ. గుట్ట వెనక కూడా చూశాను. ఎవరూ లేరు. అప్పుడు జీజీ కొట్టాను.

గెలిచినవాడే ఓడినవాడి బూత్‌కి వచ్చి చెయ్యి కలపాలి. ఓక్ వచ్చాడు. చెయ్యి మంచుగడ్డలా ఉంది, తడి. నా చెయ్యి వెచ్చగా ఉంది. తల వంచి, వదలకుండా పట్టుకునే, చెవి దగ్గర అన్నాడు:

‘‘అన్నా, ముప్పై ఎనిమిదో నిమిషంలో నేను రెండక్షరాలూ కొట్టేశాను. ఎంటరు ఒక్కటే మిగిలింది.’’

ఎందుకు నొక్కలేదు అన్నాను.

‘‘అందరూ చెప్పారు కదా మీ గురించి. ఇంకో పది సెకన్లు ఆగితే మీరే వెళ్లిపోతారనుకున్నాను. పది అయ్యాక ఇంకో పది అనుకున్నాను. మీరు వెళ్లలేదు. నాకు చాలా భయం వేసిందన్నా.’’

వాడు వెళ్లిపోయాక కీబోర్డు సంచిలో పెట్టుకున్నాను. తీగ చుట్టాను. ఇక హాయి వస్తుంది కదా అని కూర్చున్నాను. ప్రతిసారీ వచ్చేది, చెమట చల్లబడి, భుజాలు దిగేవి. సిబ్బంది బూత్ తుడవడానికి వచ్చి బయట నిలబడ్డారు.

రాలేదు.

మే 31

ఇవాళ పొద్దున కూడా రాలేదు. లేచేసరికి పక్కటెముకల కింద ఎవరో తన్నినట్టు నొప్పి. పిన్ని అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచాను. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను, ఇంట్లో అందరికీ వినపడిందనే అనుకుంటున్నాను. బయటికొచ్చేసరికి తేగ్యూ తుండుగుడ్డతో నిలబడి ఉన్నాడు, ఈసారి హాస్యమాడలేదు.

ఆ ఒక్క సైనికుడు. నూలుపోగంత ప్రాణం. పదహారుమందిలో నా పేరు ఉండేది. జూన్‌లో ఆ పెద్ద వేదిక మీద, ఆ దీపాల కింద. నాకు కావాలి. ఇంకా కావాలి.

నాకు ఇంతగా గెలవాలని ఉందని ఈ ఎనిమిదేళ్లూ నాకే తెలియదు.